సగంలో ఆగిన నోటుబుక్కు
పెద్ద రచన పూర్తి చేయాల్సిన దళిత విద్యార్థులతో కొన్ని మాటలు

ఏటా ఎండలు ముదిరే రోజుల్లో సైదాబాద్‌లో మేం కూచునే గదికి నోటుబుక్కులు వస్తాయి. ఒకరు డిగ్రీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు అంటారు. ఒకరు ఎం.ఏ.లో వ్యాసం బదులు కథల సంపుటి ఇస్తానంటే సారు ఒప్పుకున్నాడంటారు. ఇంకొకరు ఏ పరీక్షతోనూ సంబంధం లేకుండా నాలుగేళ్ల నుంచి ఒక నవలను సంచిలో మోస్తున్నవాళ్లు. వీళ్లలో ఎక్కువమంది విజయవాడ రోడ్డు మీదనో, సాగర్ రోడ్డు మీదనో వచ్చి ఎల్బీనగర్‌లో బస్సు దిగినవాళ్లు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, చంపాపేట చుట్టుపక్కల గదికి నలుగురైదుగురు చొప్పున ఉంటూ, పొద్దున కాలేజీ, సాయంత్రం కోచింగ్, రాత్రి ఏదో ఒక చిన్న పని చేసుకునేవాళ్లు.

ఈ నోటుబుక్కుల్లో చాలావాటికి ఒక పోలిక ఉంది. అరవై డెబ్బై పేజీల దగ్గర ఆగిపోతాయి. మొదటి ఇరవై పేజీల్లో ఊరు, వాడ, అమ్మ, బడి. తర్వాత ఒక అవమానం. ఆ తర్వాత ఒక ఉపన్యాసం. ఆ తర్వాత అన్నీ తెల్లకాగితాలు.

రాయడం చేతగాక ఆగిపోయారనే మాటను మేం ఒప్పుకోం. ఆ మొదటి ఇరవై పేజీలు చదివినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. మరి ఎందుకు ఆగిపోతున్నాయి? ఎవరు ఆపుతున్నారు? సృజనాత్మక రచన మీద సలహాలిచ్చే పుస్తకాలు బజార్లో బోలెడున్నాయి. రోజూ రాయండి, ఏకాంతం వెతుక్కోండి, మీకు తెలిసింది రాయండి అంటాయి. ఐదుగురున్న గదిలో ఏకాంతం ఎక్కడుంది? తెలిసింది రాస్తే 'ఇది సాహిత్యం కాదయ్యా, సమాచారం' అని తిరగ్గొడితే ఏం చేయాలె? వీటికి ఆ పుస్తకాల్లో జవాబు లేదు. మన రచయితలు తమ పెద్ద రచనల్ని ఎట్లా కట్టారు, ఎట్లా ముగించారు అని చూస్తే మాత్రం కొంత జవాబు దొరుకుతుంది. ఈ వ్యాసంలో మేం చేయబోయేది అదే. ఇది విద్యార్థుల కోసం రాస్తున్నా, వాళ్ల గైడ్లకూ, ఉద్యమ మిత్రులకూ, మాకూ సమానంగా వర్తిస్తుంది.

1. ముందు మన లెక్క

1985 జులై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. ఈ రెండు ఊచకోతల తర్వాత తెలుగులో దళిత కవిత్వం గట్లు తెంచుకొని వచ్చింది. 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకత్వంలో 'చిక్కనవుతున్న పాట' వెలువడేనాటికి, ఏది కవిత్వమో తేల్చే అధికారం ఎవరిదనే ప్రశ్న తెలుగు విమర్శ ముందుకు వచ్చి నిలబడింది. ఆ కవిత్వాన్ని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. అయితే అది ఎట్లాంటి పరిస్థితుల్లో రాయబడిందో కూడా చూడాలె. కవితను బస్టాండులో నిలబడి రాయొచ్చు. సభకు పోతూ పోతూ రాయొచ్చు. రాత్రి రాసి పొద్దున కరపత్రం వెనక అచ్చువేయొచ్చు. తీరిక, చోటు రెండూ లేని జనానికి కవిత చేతికందిన పనిముట్టు. పాట అంతకన్నా దగ్గరిది. దానికి కాగితం కూడా అక్కర్లేదు.

నవలకూ, ఆత్మకథకూ, దీర్ఘకావ్యానికీ అట్లా కుదరదు. ఒక బల్ల కావాలె. వేసుకోవడానికి ఒక తలుపు కావాలె. ఏడాదో రెండేళ్లో తిండికి ఇబ్బంది లేకుండా ఉండాలె. భూమి, ఉద్యోగం, ఇంటినిండా పుస్తకాలు ఉన్న కులాలకు ఇవన్నీ పుట్టుకతోనే అందుతాయి. పైగా వాటిని ప్రతిభ అని పిలుచుకుంటారు.

మరి ఈ లోటు పూడ్చడానికి మనం చేసిందేమిటి? ఎక్కడ దాడి జరిగినా నాలుగు రోజుల్లో కవిత పంపమని పిల్లల్ని అడిగాం. ప్రత్యేక సంచికలు వేశాం. సభల్లో చదివించి చప్పట్లు కొట్టాం. అదే పిల్లవాడు రెండు వందల పేజీల రాతప్రతి తెస్తే, 'తీరిగ్గా చూద్దాం తమ్ముడూ' అని బీరువాలో పెట్టాం. మా బీరువాలో ఏడాదిన్నర పడున్న రాతప్రతి ఒకటుంది. రాసినతను అడగడం మానేశాడు. సిగ్గుపడుతూనే ఈ మాట ఒప్పుకుంటున్నాం. దళిత నవలలు తక్కువ వచ్చాయని వేదికల మీద వాపోయే ముందు, ఎన్ని రాతప్రతుల్ని మనం చదవకుండా ఆపామో లెక్క చెప్పాలె.

2. బాధ ధ్రువపత్రం కాదు

మా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థి సంగతి చెప్తాం. పేరు అవసరం లేదు. వాళ్ల నాయన కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ. గడ్డిఅన్నారం మార్కెట్ అని కాగితాల మీద రాసేది అదే. ఆ మార్కెట్‌ను 2021-22లో ఊరవతల బాటసింగారానికి మార్చారు. అంత దూరం పోయి మూటలు మోసే ఓపిక ఆయనకు లేకపోయింది, ఇంటి దగ్గర కూచున్నాడు. ఈ కథను కొడుకు నవలికగా రాస్తున్నాడు.

మొదటి ప్రతిలో నాయన చెమట బిందువులు రాల్చాడు. శ్రమజీవి అయ్యాడు. తాగాడు, ఏడ్చాడు, చివర్లో ఆకాశం వైపు చూశాడు. నలభై పేజీల్లో ఆయన ఒక్క మూట కూడా సరిగా ఎత్తలేదు. మేం అడిగాం: మీ నాయన మూట ఎట్లా ఎత్తుతడు? పిల్లవాడు లేచి నిలబడి చూపించాడు. మోకాలు ఎంత వంచాలి, మెడ ఎటు తిప్పాలి, తలకు చుట్టిన తువ్వాల ఎక్కడ మడతపడాలి. నల్గొండ నుంచి వచ్చిన బత్తాయి లారీని రాత్రి మూడింటికి ఎట్లా దించుతారో చెప్పాడు. ముఠాలో వచ్చిన కూలి ఎట్లా పంచుకుంటారు, జ్వరమొచ్చి రానివాడికి వాటా ఇవ్వాలా వద్దా అనే పంచాయితీ ఎట్లా నడుస్తుంది, కాటా దగ్గర ఎవరి చెయ్యి ఎట్లా ఆడుతుంది, వాసన చూసి ఏ కుప్ప సాయంత్రానికి చెడిపోతుందో నాయన ఎట్లా పసిగడతాడు. రెండు గంటలు ఆగకుండా చెప్పాడు.

ఇదంతా ఎందుకు రాయలేదంటే అతనన్న మాట: "ఇది గూడ సాహిత్యమేనా అన్నా?"

సమస్య మొత్తం ఆ ప్రశ్నలో ఉంది. అతనికి కాలేజీలో, పాఠ్యపుస్తకాల్లో దళితుడు రెండే రకాలుగా కనిపించాడు. జాలి పడదగినవాడుగా, లేదా పిడికిలి ఎత్తినవాడుగా. పని తెలిసినవాడుగా, తెలివి ఉన్నవాడుగా, జోకులేసేవాడుగా, పక్కింటివాడితో తగాదా పడేవాడుగా కనిపించలేదు. మంచి మనసున్న అధ్యాపకులు కూడా 'మీ బాధలు రాయవయ్యా' అంటారు. కులం సర్టిఫికెట్ చూపిస్తే సీటిచ్చినట్టు, బాధ సర్టిఫికెట్ చూపిస్తే మార్కులేస్తారు. విద్యార్థి ఆ లెక్క త్వరగానే నేర్చుకుంటాడు. ఇంట్లో ఉన్న అవమానాలన్నీ ఏరి తెచ్చి పేరుస్తాడు. అరవై పేజీలకు అవి అయిపోతాయి. తర్వాత రాయడానికి ఏమీ మిగలదు. నోటుబుక్కు ఆగేది అక్కడే.

జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' చూడండి. అంటరానితనం లేని పేజీ అందులో దాదాపు లేదు. అయినా ఎన్నెలదిన్నె ఎల్లన్న మనకు గుర్తుండేది దెబ్బలు తిన్నవాడుగా కాదు, పాట కట్టినవాడుగా, ఆడినవాడుగా. ఒక జాతికి కళ ఉందని, ఆ కళకు వారసులున్నారని చూపించాక, ఆ మనిషిని ఊరు ముట్టుకోకపోవడం ఎంత అన్యాయమో పాఠకుడికి వేరే చెప్పనక్కర్లేదు. బాధను అట్లా రాయాలె. పనిని, తెలివిని, ఆటను ముందు పెట్టండి. అవమానం దానంతట అది వచ్చి పక్కన నిలబడుతుంది.

ఆ విద్యార్థి నవలికను మళ్లీ మొదటినుంచి రాశాడు. ఈసారి కథ రాత్రి మూడింటికి, లారీ వెనక తలుపు తెరవడంతో మొదలైంది. నూట పది పేజీలకు ముగిసింది.

3. ఏ భాషలో రాయాలె

ప్రతి ఏడాదీ వచ్చే ప్రశ్న ఇది. మాటల్లో మాత్రమే మాండలికం పెట్టి, కథ చెప్పేది ప్రామాణిక భాషలో చెప్పమని చాలామంది గైడ్లు అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఫలితం చూడండి. పాత్రలు వాడలో ఉంటాయి, రచయిత మాత్రం బయట నిలబడి వాళ్లను పరిచయం చేస్తుంటాడు. అమ్మ 'తిన్నవా బిడ్డా' అంటుంది, కొడుకు 'అని ఆమె వాత్సల్యంతో పలికింది' అని రాస్తాడు. తన తల్లికి తానే దుబాసీ అవుతాడు.

వేముల ఎల్లయ్య 'కక్క' 2000లో వచ్చినప్పుడు చదవడం కష్టంగా ఉందన్నవాళ్లున్నారు. నల్గొండ మాదిగ వాడ మాట అందులో అలంకారంగా కాక, నవల నడిచే కాళ్లుగా ఉంది. కష్టం ఎవరికి అనేది అసలు ప్రశ్న. ఆ వాడలో పుట్టినవాడికి ప్రబంధాలు కష్టమని ఎవరూ సిలబస్ మార్చలేదు కదా. తమిళంలో బామ 1992లో 'కరుక్కు'ను తమ వాడ మాటలో రాసినప్పుడూ ఇదే గొణుగుడు వినిపించింది. ఈరోజు ఆ పుస్తకం లేకుండా భారతీయ దళిత ఆత్మకథ గురించి మాట్లాడలేరు.

అయితే మాండలికం పెట్టినంత మాత్రాన రచన నిజమైపోదు. క్రియల చివర 'తున్నడు', 'తాంది' తగిలించి, లోపల వాక్యమంతా పత్రికల వాక్యమే ఉంచిన రాతప్రతులు మాకు చాలా వచ్చాయి. అది వేషం. ఒక పరీక్ష చెప్తాం. రాసిన పేజీని ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్లో చదివి వినిపించండి. 'ఇట్లెవరు మాట్లాడుతరు రా' అని వాళ్లు ఎక్కడ ఆపితే అక్కడ తప్పుంది. ఏ విమర్శకుడూ చేయలేని దిద్దుబాటు అది.

ఇప్పుడు ఇంకో కొత్త పంతులు వచ్చాడు. చాలామంది ఫోన్లోనే రాస్తున్నారు. కొందరు మాట చెప్పి టైపు చేయిస్తున్నారు. ఆ యంత్రానికి మన మాటలు అన్నీ తెలియవు. తెలియని మాటకు తనకు తెలిసిన మాట పెడుతుంది, మనం తొందర్లో చూసుకోం. బళ్లో సారు ఎర్రసిరాతో చేసిన పనే అది చప్పుడు లేకుండా చేస్తోంది. కనుక ముందు చేత్తో రాయండి. ఫోన్లోకి ఎక్కించాక రాతప్రతితో వరుస వరుసగా సరిచూసుకోండి. మీ వాడ మాటలతో ఒక చిన్న పట్టిక తయారుచేసుకుని, ఒక్కో మాటను రచన మొత్తంలో ఒకే తీరుగా రాయండి. మాండలికానికీ ఒక క్రమం ఉంటుంది. అది లేకపోతే పరీక్షకుడు అచ్చుతప్పులని రాసి మార్కులు కోస్తాడు.

4. పాత రూపాన్ని తిప్పి వాడుకోవడం

పెద్ద రచనకు ఆకారం ఎక్కడినుంచి తెచ్చుకోవాలె అనేది తర్వాతి చిక్కు. రూపం లేకపోతే ఎంత అనుభవమున్నా కుప్పలాగా ఉంటుంది. దీనికి మన పెద్దలు మూడు దారులు చూపించారు.

మొదటిది జాషువా దారి. 1941 నాటి 'గబ్బిలం'లో ఆయన కాళిదాసు సందేశకావ్య రూపాన్నే తీసుకున్నాడు. అక్కడ శాపం పొందిన యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపితే, ఇక్కడ గుడిలోకి రానివ్వని అరుంధతీసుతుడు కాశీలోని శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. రూపం మార్చకుండానే దాని మీద తిరగబడటం ఇది. 1998లో ఎండ్లూరి సుధాకర్ 'కొత్త గబ్బిలం' రాసి ఆ దారిని మరో తరానికి తెచ్చాడు. సిలబస్‌లో మీకు చెప్పిన ఏ రూపాన్నైనా ఇట్లా వాడుకోవచ్చు. లేఖ, దినచర్య, యాత్రాకథనం, చివరికి ప్రభుత్వానికి పెట్టుకునే దరఖాస్తు కూడా ఒక రూపమే. ఒక విద్యార్థిని తన కథనమంతా స్కాలర్‌షిప్పు దరఖాస్తులోని గళ్ల వరుసలో నడిపింది. తండ్రి పేరు, వృత్తి, ఆదాయం, శాశ్వత చిరునామా. ఒక్కో గడికి ఒక్కో అధ్యాయం. శాశ్వత చిరునామా అధ్యాయం చదివి మేం చాలాసేపు మాట్లాడలేకపోయాం.

రెండోది చిన్నచిన్న ముక్కల దారి. సుధాకరే 1999లో 'మల్లెమొగ్గల గొడుగు' వేశాడు, మాదిగ కథలు అని పేరు పెట్టి. ఒక్కోటీ చిన్నది, ఒక్కో కూర్చోవడంలో చదివేది. అన్నీ కలిస్తే ఒక వాడ లేచి నిలబడుతుంది. కన్నడంలో సిద్ధలింగయ్య ఆత్మకథ 'ఊరు కేరి' కూడా చిన్న సంఘటనల దండే, పైగా నవ్విస్తూ నడుస్తుంది. రోజుకు గంట కన్నా ఎక్కువ దొరకని విద్యార్థికి మేం ఈ దారే ముందు చెప్తాం. రెండు మూడు పేజీల ముక్క ఒకటి పూర్తయితే ఆ రోజు పని పూర్తయినట్టే. నవల రాయాలని కూచుని భయపడేకన్నా, ముప్పై ముక్కలు రాసి వరుస పెట్టుకోవడం తేలిక. ఆ వరుస పెట్టడంలోనే రచయిత ఆలోచన బయటపడుతుంది.

మూడోది తరాల దారి. 'అంటరాని వసంతం' రూతు జ్ఞాపకంలో తరాలను తోడుకుంటూ పోతుంది. ఇది అన్నిటికన్నా ఆకర్షించే దారి, అన్నిటికన్నా ప్రమాదమైంది కూడా. తాత నుంచి మొదలుపెట్టి మనవడి దాకా రావాలనుకున్న నోటుబుక్కులు ఎక్కువగా తాత దగ్గరే ఆగిపోతాయి. ఆరు నెలల గడువున్న ప్రాజెక్టుకు ఇది వద్దు. తాతనే రాయాలనిపిస్తే తాత బతుకులో ఒక్క ఏడాది తీసుకోండి. కరువు ఏడాదో, ఊరు విడిచిన ఏడాదో, చెప్పులు కుట్టడం మానేసిన ఏడాదో.

ఇంకో మాట. 1994లో దండోరా మొదలైన తర్వాత, 'దళిత' అనే ఒక్క మాట కింద అన్ని వాడల్నీ కలిపేయడం ఇక కుదరదని తేలింది. సుధాకర్ పుస్తకం మీద 'మాదిగ కథలు' అని ఉండటం ఊరికే కాదు. మాలవాడా, మాదిగవాడా, డక్కలివాళ్ల గుడిసెలా, ఏదో చెప్పండి. తిండి, పని, దేవత, పాట అన్నీ అక్కడ మారతాయి. కులం పేరు చెప్పకుండా పీడితుడు, అణగారినవాడు అని రాస్తే రచన గాలిలో వేలాడుతుంది.

5. ఎవరి కథ, ఎవరి ఇష్టం

2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'నల్లపొద్దు' తెచ్చింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రాతల్ని ఒకచోట చేర్చిన పుస్తకం. దళిత స్త్రీలు రాయలేదు అనే మాటకు అది జవాబు. వాళ్లు రాశారు, దాచిపెట్టేవాళ్లు లేకపోయారు. మరుసటి ఏడాది జాజుల గౌరి 'మన్నుబువ్వ' కథలు వచ్చాయి. అయినా మా దగ్గరికి వచ్చే అబ్బాయిల నోటుబుక్కుల్లో అమ్మ ఇంకా పొయ్యి ముందు కూచుని కళ్లు తుడుచుకుంటూనే ఉంటుంది. ఆమెకు ఒక అభిప్రాయం ఉండదు, ఒక కోపం ఉండదు. కొడుకును చదివించడానికే పుట్టినట్టుంటుంది. దళిత పురుషుడి చూపులో కూడా ఒక ఊరు, ఒక వాడ ఉన్నాయని ఒప్పుకోవాలె.

ఆడపిల్లల కష్టం వేరు. సెలవుల్లో ఇంటికి పోతే నోటుబుక్కు తీసే వీలుండదు, ఇంటిపని ఎదురుచూస్తుంటుంది. నిజం రాస్తే ఊళ్లో దొర గురించే కాదు, ఇంట్లో నాయన గురించి కూడా రాయాల్సి వస్తుంది. 'మనవాళ్ల పరువు తీస్తావా' అనేవాళ్లు బయట కన్నా లోపలే ఎక్కువ. మా అభిప్రాయం స్పష్టం. దొరను రాసినంత సూటిగా నాయన్నీ రాయొచ్చు. ఉద్యమం పేరుతో ఆ నోరు మూయించే హక్కు ఎవరికీ లేదు.

కానీ అనుమతి అనే సంగతి ఒకటుంది. అమ్మ చెప్పిన కథ అమ్మది. ఊళ్లో ఇంకా ఆమె బతకాలె, అదే నీళ్ల దగ్గరికి పోవాలె. ఒక విద్యార్థిని తల్లికి జరిగిన అన్యాయం రాసింది. తల్లికి చదివి వినిపిస్తే, 'నా పేరు తియ్యి, ఊరి పేరు తియ్యి, కానీ నేను కొడవలి ఎత్తిన సంగతి మాత్రం తియ్యకు' అన్నదట. అసలు మొదటి ప్రతిలో ఆ కొడవలి లేనే లేదు! కూతురికి తల్లి అప్పుడే చెప్పింది. వినిపించడం వల్ల రచనకు నష్టం జరగలేదు, ప్రాణం వచ్చింది. పేర్లు, ఊళ్లు మార్చండి. గుర్తుపట్టే ఆనవాళ్లు మార్చండి. పని, మాట, కోపం మార్చకండి.

6. రోజులు, డబ్బులు, అచ్చు

ఇప్పుడు పనికొచ్చే లెక్కలు. రోజుకు 300 మాటలు, వారానికి ఐదు రోజులు రాస్తే 1,500 మాటలు. నాలుగు నెలలకు 24,000. అచ్చులో దాదాపు 120 పేజీలు. ఒక ప్రాజెక్టుకు అది నిండుగా సరిపోతుంది. మిగిలిన రెండు నెలలు తిరగరాయడానికి, టైపుకు, దిద్దడానికి. మొదటి ప్రతి పూర్తయ్యేదాకా వెనక్కి పోయి దిద్దకండి. మొదటి అధ్యాయాన్నే పదిసార్లు చెక్కినవాళ్లు రెండో అధ్యాయం రాయలేదు.

చోటు సంగతి. గదిలో కుదరకపోతే అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. చిక్కడపల్లి గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల మధ్య బల్ల దొరకడం కష్టమే, పొద్దున్నే పోవాలె. ఇద్దరు ముగ్గురు కలిసి వారానికోసారి ఒకరి రాతలు ఒకరు చదువుకోండి. ఒంటరిగా ఉన్నవాళ్ల నోటుబుక్కులే ముందు ఆగిపోతున్నాయని మా అనుభవం.

దిల్‌సుఖ్‌నగర్ డీటీపీ సెంటర్లలో గడువు ముందు వారం ఎట్లా ఉంటుందో అందరికీ తెలుసు. ఫోన్లో యూనికోడ్‌లో కొట్టినదాన్ని అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, సున్నాలు పక్క అక్షరానికి అంటుకుంటాయి. అందుకని ఆఖరి పదిహేను రోజులు రాయడం ఆపి, ప్రూఫులకే పెట్టుకోండి. టైపు ప్రతి ఒకటి ఎప్పుడూ ఇంకొకరి దగ్గర ఉంచండి. ఫోను పోయి నవల పోయినవాళ్లున్నారు.

డబ్బు గురించి మాట్లాడటం సాహిత్యంలో మర్యాద కాదంటారు. మేం మాట్లాడతాం. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. తాను రచయిత కావాలనుకున్నానని, కార్ల్ సేగన్‌లాగా విజ్ఞానశాస్త్రం గురించి రాయాలనుకున్నానని ఆఖరి ఉత్తరంలో చెప్పుకున్నాడు. అదే ఉత్తరంలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్పు లెక్క కూడా ఉంది, లక్షా డెబ్బై ఐదు వేలు. ఒక రచయిత పుట్టకపోవడానికీ ఆ బాకీకీ మధ్య ఉన్న సంబంధాన్ని ఏ సాహిత్య చరిత్రా రాయదు, మనమే రాయాలె. విద్యార్థి రాయడం ఆపేశాడంటే గైడు ముందు అడగాల్సింది 'ప్రేరణ తగ్గిందా' అని కాదు, 'ఫెలోషిప్పు వచ్చిందా, అన్నం తిన్నవా' అని. మనసు బరువెక్కిన పిల్లవాడు ఒంటరిగా ఉండకుండా చూసుకోవడం తోటివాళ్లందరి బాధ్యత. ఏ పుస్తకమూ ప్రాణం కన్నా పెద్దది కాదు.

7. గైడు ముందు, వైవాలో

ప్రాజెక్టుతోపాటు ఐదారు పేజీల ముందుమాట రాసి పెట్టండి. ఏ భాష ఎందుకు వాడారు, ఏ రూపం ఎక్కడినుంచి తీసుకున్నారు, మీకన్నా ముందు ఎవరు రాశారు అని అందులో చెప్పండి. 'శిల్పం లోపించింది' అనే మాట వైవాలో తప్పకుండా వస్తుంది. అప్పుడు బాధపడి ఊరుకోవద్దు. ఏ పేజీలో, ఏ వాక్యంలో అని మర్యాదగా అడగండి. వాళ్లు పేజీ చూపిస్తే వినండి, నిజంగానే లోపం ఉండొచ్చు, దిద్దుకోవాలె. చూపించలేకపోతే అది విమర్శ కాదని అక్కడున్న అందరికీ అర్థమవుతుంది. దళిత రచన కాబట్టి లోపాలు చూడొద్దని అడగడం కూడా అవమానమే. జాలితో వేసిన మార్కు మనకొద్దు. గైడ్లకు మా విన్నపం ఒక్కటే. అర్థం కాని మాటను కొట్టేసే ముందు, దాని అర్థం విద్యార్థిని అడగండి.

ముగించే ముందు ఒక సంగతి. మా గది నుంచి చాదర్‌ఘాట్ ఎంతో దూరం లేదు. భాగ్యరెడ్డి వర్మ ఈ నగరంలోనే పుట్టి, ఇక్కడే ఆది హిందూ ఉద్యమం నడిపి, 1931లో తన 'భాగ్యనగర్ పత్రిక'లో 'వెట్టి మాదిగ' అచ్చువేశాడు. బళ్లు పెట్టించాడు, సభలు పెట్టాడు, వాటి మధ్యే కథ కూడా రాశాడు. ఆయనకూ ఏకాంతం లేదు. ఆ రచన దశాబ్దాలపాటు మన సాహిత్య చరిత్రల్లో కనిపించలేదు. పాత పత్రికల దుమ్ములోంచి దాన్ని మళ్లీ బయటికి తెచ్చుకోగలిగామంటే ఒకే కారణం, అది అచ్చయింది.

నోటుబుక్కులో ఆగిపోయింది ఎవరికీ దొరకదు. ట్రంకుపెట్టెలో ఉండి, గది ఖాళీ చేసే రోజు పాతకాగితాలవాడికి పోతుంది. అందుకే అంత మంచిది కాకపోయినా పూర్తి చేయండి. రెండోది ఇంకా బాగా రాస్తారు. మా వంతుగా బీరువాలో ఉన్న ఆ రాతప్రతిని ఈ వారం కిందికి దించాం. చదువుతున్నాం. రాసినాయన ఎక్కడున్నా వచ్చి మమ్మల్ని తిట్టి, తన పుస్తకం గురించి మాట్లాడాలని కోరుతున్నాం.